నాలుక కింద బొత్తాం

దుప్పటి గడ్డం దాకా లాక్కున్నా చలి పోలేదు. బయట ఎండకు తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. పొద్దున వస్తూ చూశాడు కదా, బస్టాపు దగ్గర ఒకావిడ చెప్పు తారులో ఇరుక్కుపోయి ఒంటికాలి మీద గెంతుతుంటే జనం నవ్వారు, అతనూ నవ్వాడు. ఇక్కడ లోపల మాత్రం ఏసీ కింద పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంతకన్నా ఎగతాళి ఉంటుందా. ఇన్నేళ్ళూ ఆకాశంలో క్రేను మీది అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి వేపుకు తిన్న ఊరు, తీరా ఒళ్ళు పనికిరాకుండా పోయాక పిలిచి, రా నాయనా, చల్లగా పడుకో అంటోంది. ఎడమ చెయ్యి కదపకూడదు. అందులోంచి రెండు గొట్టాలు మంచం పక్కనున్న మెషీనులోకి పోతున్నాయి. ఒకదాంట్లో రక్తం వెళ్తుంది, ఇంకోదాంట్లో తిరిగొస్తుంది, నడుమ ఆ మెషీను అతని కిడ్నీలు మానేసిన చాకిరీ తను చేసి పెడుతుంది. మంచం పక్క కుర్చీలో భార్య చేతిసంచి మాత్రమే ఉంది. ఆమె పై అంతస్తుకు, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆమె కిడ్నీ ఒకటి తీసి అతనికి పెట్టడానికి కుదురుతుందో లేదో ఈ పూట చెప్పేస్తారు. ఇప్పుడే వస్తానని వెళ్ళింది. ఆడవాళ్ళ ఇప్పుడే ఎంతసేపో పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది గానీ, ఇంతసేపా? మంచి కబురైతే డాక్టరుకు రెండు మాటలు చాలవూ? చెడ్డదైతే మాత్రం, దానికి మాత్రం ఎన్ని మాటలు కావాలి. ఏదీ కాకపోతే అక్కడ జనం ఎక్కువ ఉండుంటారు, బెంచీ మీద కూర్చుని ఉంటుంది, తన వంతు వచ్చినా వెనకవాళ్ళను ముందు వెళ్ళమనే రకం ఆమె.

ఎదురు గోడ మీద ఒక బొమ్మ అంటించారు. చిక్కుడు గింజలాంటి కిడ్నీకి కళ్ళూ మూతీ పెట్టి, చేతికి గ్లాసు ఇచ్చి, నీళ్ళు బాగా తాగండి, నన్ను కాపాడండి అని దాని నోటితో చెప్పించారు. ఈ హాల్లో మంచాల మీదున్నవాళ్ళలో నీళ్ళు బాగా తాగే యోగం ఒక్కడికీ లేదు. లోపలికి పోయిన నీరు బయటికొచ్చే దారి మూసుకుపోయినవాళ్ళే అందరూ. రోజుకు చిన్న గ్లాసుడు, మాత్రలు మింగే నీళ్ళు కూడా అందులోనే. కాస్త మీరితే కాళ్ళు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు, నీళ్ళల్లో మునగనక్కర లేకుండానే మునిగిపోతాడు మనిషి. రాగానే తూకం ఎక్కిస్తారు. ముల్లు కాస్త పక్కకు జరిగిందంటే సిస్టరు నడుం మీద చెయ్యేసుకుని, మళ్ళీ దొంగతనం చేశావా బాబాయ్ అంటుంది. నిజమే, దొంగతనమే. మొన్న స్నానం చేస్తూ చెంబులో నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మాలి కదా, ఉమ్మలేదు. తలుపు వేసి ఉన్నా ఎవరో చూస్తున్నట్టు అటూ ఇటూ చూసి మింగాడు. బతుకులో చేసిన దొంగతనం అదొక్కటే, అదీ కుళాయి నీళ్ళు.

పక్క మంచం మీద ట్రాఫిక్ కానిస్టేబుల్. అతనికన్నా చిన్నవాడు, మీసం ఇంకా నల్లగానే ఉంది, మొహమే బూడిద రంగు తిరిగింది. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి నిలబడి ఇక్కడికొచ్చి పడ్డాడు. కూడలి వదిలి వెళ్ళి నీళ్ళు తాగితే మళ్ళీ ఇంకోదానికి వెళ్ళాలి, వెళ్ళేలోపు అక్కడ బళ్ళు అల్లుకుపోతాయి, ఫోను మోగుతుంది, పై ఆఫీసరు తిడతాడు. అందుకని తాగడమే మానేశాడు. వీళ్ళిద్దరికీ మొదటిరోజే స్నేహం కుదరడానికి అదే కారణం. ఒకడు నేల మీద, ఒకడు గాలిలో, చేసింది ఒకే పని. ఇందాక ఆ బొమ్మ వైపు చూస్తూ కానిస్టేబుల్ అన్నాడు: "అన్నా, దానికి చలానా రాయాలనుంది."

"దేనికి తమ్ముడూ?"

"నలుగురిలో నిలబడి తాగుతోంది కదా."

నవ్వితే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే మెషీను గోల పెడుతుంది, అందుకని ఇద్దరూ పొట్టలోనే నవ్వుకున్నారు. తరవాత కానిస్టేబుల్ కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడో, వదిన ఇంకా రాలేదేమని అడగాల్సి వస్తుందని మూసుకున్నాడో.

ఆమె రాలేదు. తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి వరండా ముక్క కనిపిస్తోంది, ఎవరెవరివో భుజాలు పోతున్నాయి, ఆమె భుజం కాదు. క్రేను మీద నుంచి చూస్తే మనుషులు తలకాయలే, భుజాలు కూడా ఉండవు. ఆ తలకాయల్లోంచి ఇంటికి పోయే దారిలో ఆమె తలను గుర్తుపట్టేవాడు, అబద్ధం కాదు, బట్టల ఫ్యాక్టరీ విడిచిపెట్టే వేళకు గుంపులో నడిమి పాపిడి చూసి అదిగో నాది అనుకునేవాడు. టవర్ క్రేను. జనం తలెత్తి చూసి, అబ్బ, ఎలా కూర్చుంటాడో అనుకునే పెట్టె. పొద్దున్నే ఇనప నిచ్చెన పట్టుకుని ఎక్కడం, సాయంత్రం దిగడం. అన్నం డబ్బా తాడుకు కట్టి పంపుతారు. మధ్యలో దిగాడా, క్రేను ఆగుతుంది, క్రేను ఆగితే కాంక్రీటు గట్టిపడుతుంది, మేస్త్రీలు కూర్చుంటారు, ఇంజనీరు కిందనుంచి వాకీటాకీలో అడుగుతాడు, ఏం బాబూ, మీ అత్తగారింటికి వచ్చావా ఎక్కి దిగడానికి అని. కాబట్టి దిగకూడదు. దిగకుండా ఉండాలంటే అవసరం రాకూడదు. అవసరం రాకుండా ఉండాలంటే, అదే. ఎక్కేముందు నిద్ర లేచిన దగ్గర్నుంచి నోట్లో చుక్క పోసుకోకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఒకరి నుంచి ఒకరికి వచ్చింది. అతనికి గద్ద నేర్పాడు. గద్ద అంటే ఆ సైట్లో పాత ఆపరేటరు, ముక్కు వంకరగా ఉండేది, చూపు మాత్రం నిజంగానే గద్ద చూపు. గద్ద మొదట్లో పైకి ఖాళీ సీసా ఒకటి పట్టుకెళ్ళేవాడట, అవసరం తీర్చుకోవడానికి. ఒకనాడు గాలికి పెట్టె ఊగి, చేతిలోంచి సీసా జారి, సరిగ్గా ఆ రోజే సైటు చూడ్డానికి వచ్చిన యజమాని కారు మీద పడింది. కారు పైకప్పు తెరిచి ఉంది. ఈ కథ చెప్పినప్పుడల్లా గద్ద కారు పైకప్పు తెరిచి ఉంది దగ్గర ఆగి, అందరూ నవ్వేదాకా చూసి, అప్పుడు చెప్పేవాడు, మధ్యాహ్నానికల్లా నన్ను ఇంటికి పంపేశార్రా అని. ఆ తరవాత ఆ ఊళ్ళో ఏ ఆపరేటరూ సీసా పట్టుకెళ్ళలేదు. నవ్వి నవ్వి నేర్చుకున్న పాఠం, అందుకే ఇంత లోపలికి దిగింది. గద్ద ఏమయ్యాడో. పోయాడని విన్నాడు. దేంతో పోయాడంటే ఒళ్ళు ఉబ్బి పోయాడన్నారు, అప్పుడు అర్థం కాలేదు.

కంపెనీ నీళ్ళు ఇవ్వలేదని కాదు, ఆ మాట అంటే కళ్ళు పోతాయి. ఎండలు ముదిరాక రోజూ పొద్దున్నే ఒక్కొక్కడి చేతిలో సీలు వేసిన సీసా పెట్టి, వరసలో నిలబెట్టి ఫోటో తీసేవాళ్ళు. ఆ సీసాలు పైకి ఎక్కేవి, దిగేవి. సీలు విప్పకుండా కిందికి తెచ్చినవాడే మగాడని వాళ్ళల్లో వాళ్ళకొక గొప్ప. విప్పి తెచ్చినవాణ్ణి, ఏరా, పైన దాహం వేసిందా పాపం, పాలపీక కావాలా అని ఏడిపించేవాళ్ళు. అతను ఎప్పుడూ విప్పలేదు. ఆ సీసా ఇంటికి పట్టుకొచ్చేవాడు, కూతురు పొద్దున బడికి తీసుకెళ్ళేది. నాన్న ఆకాశం నుంచి తెచ్చిన నీళ్ళని పక్కపిల్లలకు చెప్పుకునేదట. తాగనీ. దాని ఒంట్లో అయినా చేరాయి.

మరి నోరు ఎండిపోదా అని ఎవరైనా అడగొచ్చు. ఎండిపోకుండా ఉపాయం ఉంది. ఆ ఉపాయం ఆమెది.

పెళ్ళయిన కొత్త. ఆమె అప్పటికే బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ హాల్లో పనిచేసేది. రేకుల కప్పు కింద వరసగా ఆవిరి ఇస్త్రీ పెట్టెలు, వరసగా ఆడవాళ్ళు, చొక్కా వెనక చొక్కా. బాత్రూము ఆవరణ చివర. తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర. అడగాలంటే అందరి ముందూ నిలబడి అడగాలి, అడిగితే వాడు గోడ గడియారం వంక చూస్తాడు, ఇందాకేగా వెళ్ళావు అంటాడు, ఇందాక వెళ్ళింది వేరే ఆవిడైనా సరే. అందుకని వాళ్ళూ తాగేవాళ్ళు కాదు. తాగకుండా ఆవిరిలో ఎలా నిలబడతారంటే, బొత్తాం. కింద రాలిన బొత్తాల్లోంచి తలా ఒకటి ఏరుకుని, కడుక్కుని నాలుక కింద పెట్టుకునేవాళ్ళు. నోరు ఊరుతూ ఉంటుంది, దాహం మరుపున పడుతుంది. కొత్తగా చేరిన పిల్లకు పాతవాళ్ళు ముందు ఇచ్చేది అదేనట, ఇస్త్రీ పెట్టె ఆ తరవాతే. ఒక సాయంత్రం అతను క్రేను దిగి, పెదాలు పగిలి, మాట పెగలకుండా ఇంటికొస్తే ఆమె చూసి పకపకా నవ్వింది. మగాళ్ళకు ఇంత కూడా తెలీదా అంది. మర్నాడు కోటుకు కుట్టే పెద్ద బొత్తాం ఒకటి తెచ్చి, మరిగే నీళ్ళల్లో వేసి తీసి, పైట చెంగుతో తుడిచి అతని అరచేతిలో పెట్టింది. నాలుగు చిల్లుల తెల్లటి బొత్తాం, ఇంకా వేడిగా ఉంది.

"నమలకండి, మింగకండి. నాలుక కింద పెట్టుకుని మర్చిపోండి. పొద్దుగూకేదాకా నేనున్నాననుకోండి."

ఉంది. ఎన్నేళ్ళు ఉందో. అంత ఎత్తున ఒంటరిగా, లీవర్లు కాలుతుంటే చేతికి గుడ్డ చుట్టుకుని, చుట్టూ అద్దాల మీద సూర్యుడు నాలుగు వైపులా నాలుగై కూర్చుంటే, నోట్లో ఆ చిన్న గుండ్రటి నునుపు. నాలుకతో తిప్పితే చిల్లులు తగిలేవి. సిగ్గు లేకుండా చెప్పాలంటే ముద్దులాగే ఉండేది. తోటి ఆపరేటర్లకూ చెప్పాడు, వాళ్ళూ పెట్టుకున్నారు, మా ఆవిడ కనిపెట్టిందని గొప్పగా చెప్పుకున్నాడు. నోరు తడిగా ఉంటే ఒళ్ళు తడిగా ఉన్నట్టే అనుకున్నారు, అంతే కదా, మామూలు మనుషులు అంతకన్నా ఏం అనుకుంటారు. దాహం అనేది లోపల ఎవరో తలుపు కొట్టడం. ఆ చప్పుడు వినబడకుండా చెవుల్లో దూది పెట్టుకున్నారు. తలుపు కొట్టేవాడు కొట్టి కొట్టి పోయాడు.

మొదట్లో నడిచిపోయింది, అది కూడా నిజం. ఆ రోజుల్లో ఎండలకొక హద్దుండేది. రెండు నెలలు మండేవి, సాయంత్రమయ్యేసరికి ఎక్కడినుంచో గాలి వచ్చేది, పెట్టె తలుపు తీసి కూర్చుంటే చెమట ఆరిపోయేది, తెల్లవారేసరికి ఒళ్ళు మళ్ళీ తనదయ్యేది. పైనుంచి చూస్తే ఊళ్ళో పచ్చటి మచ్చలు కనిపించేవి, ఒక చెరువు కూడా. అతని కళ్ళ ముందే, అతని చేతి కిందే, ఒక్కొక్క మచ్చా చెరిగింది. అతను ఎత్తి పెట్టిన అద్దాలు ఎదురు మేడ మీదికి ఎండను తోసేవి, ఎదురు మేడ అద్దాలు అతని పెట్టె మీదికి తోసేవి. ఇద్దరు పిల్లలు బంతి విసురుకున్నట్టు, మధ్యలో వీడు. ప్రతి మేడకూ చివర్న ఏసీ మెషీన్లు ఎత్తేవాడు, ఏనుగుల్లాంటివి, కొక్కేనికి వేలాడుతూ మెల్లగా పైకొచ్చేవి. లోపల వాళ్ళను చల్లబరిచి ఆ వేడినంతా బయటికి, అతని మొహం మీదికి ఊదడానికే అవి వస్తున్నాయని తెలిసి కూడా జాగ్రత్తగా, గీత పడకుండా దించేవాడు. పనివాడు కదా మరి. ఎండాకాలం ముందుకు కొంచెం, వెనక్కు కొంచెం కాళ్ళు చాపుకుంది, ఇంటికొచ్చిన చుట్టం నెమ్మదిగా మంచం ఆక్రమించినట్టు. వానాకాలంలోనూ ఎండే. సాయంత్రం గాలి రావడం మానేసింది. ఇంట్లో గోడలు పొయ్యి పక్క గోడల్లా కాలేవి, తడి గుడ్డ పరుచుకుని పడుకుంటే అది ఆరిపోయేది గానీ నిద్ర పట్టేది కాదు. నిన్నటి అలసట తీరకుండానే ఇవాళ్టిది వచ్చి మీద పడేది. వేళ ప్రకారం వచ్చిపోయే ఎండకు సరిపడా నేర్చుకున్న ఉపాయాన్ని ఈ వదలని ఎండలో కూడా పట్టుకు వేలాడారు. అక్కడే వచ్చింది తంటా. కాలం మారింది, బొత్తాం మారలేదు.

పిక్కలు పట్టేసేవి. మూత్రం చిక్కటి టీ రంగులో వచ్చేది, అదీ ఎప్పుడో. నురగ వచ్చేది. ఎవరికి చెప్తాడు? గద్ద ఉంటే చెప్పేవాడేమో. ఒకరోజు కొక్కేనికి ఇనప కడ్డీల కట్ట వేలాడుతుండగా కళ్ళ ముందు నల్లగా తిరిగింది, కింద తలకాయలు చీమల్లా పాకాయి, ఎలాగో కట్టను నేలకు దించి, తను దిగలేకపోయాడు. తాడు కట్టి దించారు, అన్నం డబ్బాను ఎక్కించినట్టే. కంపెనీ వాళ్ళు మంచివాళ్ళు, ఆస్పత్రి దాకా కారులో తీసుకొచ్చి, త్వరగా కోలుకోమని చెప్పి చేతులు దులుపుకున్నారు. మర్నాటికి పెట్టెలో ఇంకోడు కూర్చున్నాడు. వాడి నోట్లోనూ ఉంటుంది బొత్తాం, తను చెప్పిందే కదా.

డాక్టరమ్మ చిన్న పిల్ల, కూతురికన్నా కాస్త పెద్దదేమో. చక్కెర ఉందా అంది, లేదు. బీపీ? లేదు. నాటు మందులు? లేదు. మరి ఎందుకు పాడయ్యాయో అని తనలో తను అనుకుంటున్నట్టు కిటికీ వైపు చూసింది. కారణం ఆ కిటికీ బయటే, కళ్ళు చికిలించాల్సినంత తెల్లగా నిలబడి ఉంది. చూసిందనే చెప్పాలి, తెలివైన పిల్ల. ఎండలో పనిచేసేవాళ్ళు ఈ మధ్య ఇలా చాలామంది వస్తున్నారని, ఏటేటా ఎక్కువవుతున్నారని మెల్లగా అంది. తరవాత అడిగింది, పనిలో ఉన్నప్పుడు నీళ్ళు తాగేవారా అని. అతను నీళ్ళు నమిలాడు. పక్కన భార్య నిలబడి ఉంది. తాగేవాణ్ణమ్మా అన్నాడు. ఆమె తల వంచుకుంది.

ఇంటికొచ్చాక ఆమె నా బొత్తాం వల్లే అని అనలేదు. నీ బొత్తాం వల్లే అని అతనూ అనలేదు, కానీ అనుకోలేదా? అనుకున్నాడు. మంచి మొగుడిలా ఏం ఉండలేదు మనసులో. చెయ్యి నొప్పితో, గొంతు ఎండిపోయి, గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడల్లా అనుకున్నాడు. కిడ్నీ మార్చొచ్చని డాక్టరమ్మ అన్ననాడే ఇంట్లో వాళ్ళు బయటపడ్డారు. సొంత అన్న ఫోను చేసి, నీకోసం దేవుడికి మొక్కుకున్నాన్రా తమ్ముడూ అన్నాడు. దేవుడికి రెండు కిడ్నీలు ఉంటే ఆయన్నే అడగమను. కూతురు ఉద్యోగం నుంచి వస్తూనే నాది ఇస్తా నాన్నా అంది. ఆకాశం నుంచి తెచ్చిన ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్ల, దాని జోలికి పోకూడదు. తల్లి అయితే గిన్నె కింద పెట్టి, కూతురి వైపు తిరిగి, "నేను చచ్చాక నీ వంతు. ముందు నన్ను అడగనీ," అంది. అంతే, ఇంకెవరినీ మాట్లాడనివ్వలేదు. అతను వద్దన్నాడు. ఒకసారి అన్నాడు, రెండోసారి అన్నాడు, మూడోసారి అనలేదు. ఎందుకనలేదో తనకు తెలుసు. ఆమె కడుపు కోస్తారని, ఆమె మళ్ళీ ఇస్త్రీ హాల్లో నిలబడలేకపోతుందని తెలిసి కూడా, కళ్ళు మూసుకుంటే కనిపించింది ఆమె కాదు, పెద్ద గ్లాసు. అంచు దాకా నీళ్ళు, పైన చెమర్చిన గాజు. దాన్ని ఎత్తి, ఆపకుండా, గటగటా. ఇంత నీచుడు ఉంటాడా. ఉంటాడు, ఇదిగో, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. రక్తం గ్రూపు కలిసిందని చెప్పిన రోజు ఆమె మొహం వెలిగిపోయింది, పెళ్ళిచూపుల్లో నచ్చానని కబురొచ్చినంత. ఆమె కిడ్నీలు ఎంత బాగా పనిచేస్తున్నాయో చూడ్డమే మిగిలింది. అదే ఇవాళ.

ఆమె వస్తుంది. వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, కుదిరిందండీ అంటుంది. తను ఏమనాలి? సరే అనాలా? ఏడవాలా? ఒక సంగతి మాత్రం ఈ మధ్య అతన్ని తొలిచేస్తోంది, ఇవాళైనా అడిగెయ్యాలి. జబ్బు బయటపడ్డ దగ్గర్నుంచి ఆమె నీళ్ళు తాగడం అతను చూడలేదు. అన్నం తింటుంది, గ్లాసు పెట్టుకోదు. మొదట్లో మంచితనమనుకున్నాడు, నా ముందు తాగడం ఇష్టం లేదులే అని. రానురాను ఆ మంచితనమే ఒంటికి కారం రాసినట్టుండేది. అంటే చాటుగా తాగుతోంది. వంటింట్లోకి వెళ్తే చెవులు రిక్కించేవాడు, కుళాయి చప్పుడైతే చాలు, అదిగో, తాగుతోంది, కడుపు నిండా తాగి మూతి తుడుచుకుని వస్తుంది అనుకునేవాడు. వచ్చాక ఆమె పెదాల వంక చూసేవాడు తడి ఉందేమోనని. పెదాలు పొడిగానే ఉండేవి, తుడుచుకుందన్నమాట, ఎంత జాగ్రత్త. మాటలు కూడా తగ్గించేసింది. ఏదడిగినా ఊఁ అంటుంది, బుగ్గ ఒకటి కాస్త ఉబ్బి ఉంటుంది, అలిగినట్టు. ఎందుకా అలక, ఇచ్చేది నువ్వే కదా, నిన్నెవరు బలవంతపెట్టారు అని అరుద్దామనిపించేది. మొన్న అరిచాడు కూడా. తాగితే నా ఎదురుగానే తాగు, దొంగలా ఎందుకు, అన్నాడు. ఆమె చేతిలో గిన్నె పట్టుకుని అలా నిలబడి, బుగ్గ మీది ఉబ్బు ఇటునుంచి అటు మార్చి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మెషీను కూసింది. సిస్టరు వచ్చి ఏదో నొక్కి, అయిపోవచ్చింది బాబాయ్, కాసేపే, అంది. వరండాలో హడావిడి. ఎవరినో స్ట్రెచరు మీద తోసుకుపోతున్నారు, మూటలు మోసే మనిషట, మార్కెట్లో ఎండకు పడిపోయాడట, ఒళ్ళు ముట్టుకుంటే కాలుతోందట. సిస్టరు తలుపు దగ్గర ఎవరితోనో చెప్తోంది, పొద్దుట్నుంచీ ఇలాంటివాళ్ళే వస్తున్నారని, ఐసు కూడా అయిపోయిందని. కానిస్టేబుల్ కళ్ళు తెరవకుండానే, ఇంకో మంచం వెయ్యమను అన్నా, మనవాడే, అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తలుపు ఊగి ఆగింది, మళ్ళీ ఊగింది. గుండ్రటి అద్దంలో నడిమి పాపిడి.

ఆమె లోపలికి వచ్చింది. నడకలో తొందర లేదు, ఆలస్యమూ లేదు, ఇస్త్రీ అయిన చొక్కాలు మోసుకొచ్చేటప్పుడు నడిచినట్టు, మడత చెడకుండా. చేతిలో నీళ్ళ సీసా ఉంది. కింద కొట్లో అమ్మే సీలు వేసిన సీసా. కొన్నది ఎప్పుడు చూశాడు? తన బతుకులో ఆమె నీళ్ళు కొనడం ఎరగడు. కుర్చీ మీద సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను మొహంలోకి చూశాడు. ఏం చెప్పారని అడగడానికి నోరు తెరిచాడు, నాలుక పైకి అంటుకుపోయి ఊడి రాలేదు. ఆమె అటూ ఇటూ చూసింది. తరవాత రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, నాలుక కిందినుంచి ఏదో తీసి, అతని కుడి చెయ్యి దుప్పటిలోంచి బయటికి లాగి అరచేతిలో పెట్టింది. తెల్లటి బొత్తాం. నాలుగు చిల్లులది. అంచు అరిగి అరిగి పల్చబడిపోయింది.

మొదట అతనికి అర్థం కాలేదు. ఎవరిది, నాదా, నాది ఎప్పుడో పోయింది కదా, అనుకున్నాడు. తరవాత ఆమె బుగ్గ చూశాడు. ఉబ్బు లేదు. ఇన్నాళ్ళుగా అలక అనుకున్నది తన అరచేతిలో ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మానింది ఎప్పుడు?" అంది. "ఇస్త్రీ హాల్లో అలవాటే కదా. మీకిలా అయ్యాక ఇంట్లో కూడా. మీరు గొంతు పట్టుకుని తిరుగుతుంటే నాకు నీళ్ళెలా దిగుతాయి."

సీసా మూత మీద ఆమె చెయ్యి ఉంది, తిప్పడం లేదు. డాక్టరమ్మ ఏం చెప్పిందో చెప్పనక్కర లేదు. అయినా చెప్పింది, నేల వంక చూస్తూ, చొక్కా మీద మచ్చ దొరికిందని సూపర్‌వైజరుకు చెప్పే గొంతుతో.

"నావీ సగం పోయాయటండీ. ఉన్నవి కాపాడుకోమంది. తాగమంది. ఇవాళ్టి నుంచే, ఎక్కడుంటే అక్కడ."

అంచు దాకా నిండిన ఆ పెద్ద గ్లాసు ఎక్కడో నేల మీద పడి పగిలింది, పగిలినందుకు ఏడుపొచ్చింది, ఇలాంటప్పుడు కూడా దాని కోసమే ఏడుపొచ్చినందుకు తన మీద తనకు రోత పుట్టింది. కూతురు గుర్తొచ్చింది, సాయంత్రం ఇంటికి రాగానే ఏమంటుందో ఆ మాటతో సహా. తరవాత వంటింటి కుళాయి చప్పుడు గుర్తొచ్చింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు. అంతే, ఒట్టి గిన్నెలు. పక్క మంచం మీద కానిస్టేబుల్ మొహం అటు తిప్పుకున్నాడు.

"తాగు," అన్నాడు.

ఆమె మూత తిప్పింది. సీలు విరిగిన చప్పుడు, చిన్న చప్పుడు, అన్నేళ్ళు క్రేను మీద ఒక్కసారి కూడా విననిది, హాలంతా వినిపించినట్టుంది. సీసా ఎత్తింది. మొదటి గుక్కకు పొలమారింది, దగ్గింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సీసా దించి మొగుడి వంక చూసింది, తప్పు చేసినదానిలా. ఆమె గడ్డం మీద ఒక చుక్క జారి నిలిచింది. అతని చూపు దాని మీదే ఉంది, గొంతులో గుటక దానంతట అదే పడింది.

"ఆపకు. నా ఎదురుగానే తాగు. మొత్తం తాగు."

ఆమె మళ్ళీ ఎత్తింది. గొంతు కదులుతోంది, పైకీ కిందికీ, మెల్లగా, నేర్చుకుంటున్నట్టు. అతను మొహం తిప్పుకోలేదు. ఎడమ చేతిలో రక్తం పోతోంది, వస్తోంది. కుడి అరచేతిలో బొత్తాం ఆమె నోటి తడితో ఇంకా తడిగానే ఉంది. ఆ ఏసీ గాలికి అది ఆరిపోతుందేమోనని గుప్పిట మూసుకున్నాడు.